జ్ఞానయ్య సారు పెద్ద ఇంగ్లీషు

మొన్న మధ్యాహ్నం మా వెనక వరుసలో ఉండే రాజేశ్వరి వచ్చి, గడప దగ్గరే నిలబడి, కొంగుతో మెడ తుడుచుకుంటూ తనకొక దరఖాస్తు రాసిపెట్టమని అడిగింది. ఆమె ముందు గదిలో మిషను కుడుతుంది, భర్త ఆటో నడుపుతాడు. వెనక గదిలో పక్షవాతంతో మంచం పట్టిన అత్త ఉంటుంది. గోదావరిఖనిలో మా వాడ, నేల పైనుంచే బొగ్గు తవ్వే ఓపెన్ కాస్టు గొయ్యి అంచుకు వచ్చి పడింది. నిజానికి మేమెక్కడికీ రాలేదు, ఆ గొయ్యే ఏడాదికింత చొప్పున మా దగ్గరికి జరిగింది. రోజూ మధ్యాహ్నం సైరన్ కూస్తుంది, కాసేపటికి బ్లాస్టింగు, ఆ వెంటనే ఇంటింటా గూట్లో గిన్నెలు మోగుతాయి. రాజేశ్వరి వెనక గది గోడకు పోయిన ఎండాకాలం వెంట్రుకంత పగులు పడింది. ఇప్పుడందులో నా చూపుడు వేలు పడుతుంది. ముసలామె మంచం ఆ గోడకు ఆనించే ఉంది, ఎందుకంటే ఆ ఇంట్లో కిటికీ అక్కడొక్కటే.

"తెలుగుల మస్తుసార్లు ఇచ్చినం మేడం. ఇచ్చినకాడికి తీస్కుంటరు, పక్కకు పెడ్తరు. మీరు జర పెద్ద ఇంగ్లీషుల రాయుండ్రి. గప్పుడన్న ఇంటరేమో," అంది.

ఉద్యోగకాలమంతా ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని. ఆ కోరికకు నేను బెదరాల్సిన పని లేదు. కానీ 'పెద్ద ఇంగ్లీషు' అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఆ మాట మా బాపు, అంటే మా నాన్న, మాట. అదే మాట, అదే ఆశతో, చిన్నప్పుడు మా క్వార్టర్ ముందు గదిలో ఆయన నోటివెంట విన్నాను. రేపు రమ్మని రాజేశ్వరిని పంపేసి, లోపలికి వెళ్లి ఊరికే కూర్చున్నాను.

బొగ్గు గని కంపెనీ ఇచ్చిన మా క్వార్టర్ రెండు గదులది. తెల్లవారకముందే ఇంటింటి ముందూ బొగ్గుల పొయ్యిలు రాజేసేవారు. ఆ పొగ వాడంతా పరుచుకుని, ఆరేసిన బట్టల్లోకీ, పలక సంచిలోకీ, అమ్మల జుట్టులోకీ ఎక్కేది. మా అమ్మను మేం అవ్వ అని పిలిచేవాళ్లం. ఆమె దగ్గర పడుకుంటే ఆ పొగ వాసనే వచ్చేది, ఇప్పటికీ నాకు అమ్మ వాసనంటే అదే. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మగవాళ్లు పగలు పడుకునేవారు కనుక వాడలో పొద్దంతా ఎవరూ గొంతెత్తకూడదు. రోట్లో పచ్చడి నూరాలన్నా, పిల్లవాడు ఏడ్చినా, పక్కింటి కాక ఏ షిఫ్టులో ఉన్నాడో చూసుకోవాలి. మా వాడ పిల్లలకు పరుగు కంటే ముందు గుసగుస వచ్చేది. ఎవరి ఇంట్లో ఎవరు నిద్రపోతున్నారో, ఎవరు దగ్గుతున్నారో, ఎవరు డ్యూటీ దిగి వస్తున్నారో చెప్పుల చప్పుడును బట్టే చెప్పేవాళ్లం. అంతగా చెవులు రిక్కించి బతికిన మనుషుల మాట ఎవరి చెవికీ ఎక్కకపోవడం తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

గనిని మా దగ్గర బాయి అంటారు. బాపు బాయిలో టింబర్‌మన్. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కింద కర్రలు నిలబెట్టే పని. ఎక్కడ పని మొదలుపెట్టినా ముందు చేతికర్రతో పైన కొట్టి వినాలి. ఖంగుమంటే గట్టిగా ఉన్నట్టు, డబ్‌డబ్‌మంటే పొర విడిపోయినట్టు. ఇదేమీ ఆయనొక్కడికే తెలిసిన విద్య కాదు, బాయిలో దిగే ప్రతి మనిషికీ, ఆఫీసులో కూర్చునే పెద్దలకూ తెలిసిన సంగతే. కానీ బాపుకు ఆ అలవాటు ఇంట్లోకి కూడా వచ్చేసింది. సంతలో కుండ కొట్టి కొనడం అందరూ చేస్తారు. ఆయన మా బడి గోడను కొట్టి విన్నాడు, పెళ్లివారి ఇంట్లో అరుగును కొట్టి విన్నాడు. మేం పడుకునే ముందు చీపురు కట్ట తిరగేసి శ్లాబును అక్కడక్కడా కొట్టేవాడు. "కడమ ఇండ్లల్ల పిల్లగాండ్లకు తండ్రులు కథలు చెప్తరు. ఈనె ఇల్లు కూలుతదా లేదా సూస్తడు," అని అవ్వ వేళాకోళం చేసేది. ఆయన నవ్వి, గొంతులో బొగ్గు దుమ్ముకు మందుగా బెల్లం ముక్క బుగ్గన పెట్టుకుని, ఇంకోటి నా చేతిలో పెట్టి, "పండు బిడ్డా, మంచిగున్నది," అనేవాడు. ఆ మాటతో నాకు వచ్చిన నిద్ర మళ్లీ ఎప్పుడూ రాలేదు.

నాకు ఇంగ్లీషు నేర్పింది జ్ఞానయ్య సారు. పొట్టి మనిషి, తెల్ల చొక్కా, చొక్కా జేబు కింద ఎప్పుడూ సిరా మరక. చిన్నప్పుడు మిషన్ హాస్టల్లో ఒక ముసలి ఫాదర్ దగ్గర, ఆయన బీరువాలో ఉన్న పాత పుస్తకాలతో ఇంగ్లీషు నేర్చుకున్నాడట. అందుకని ఆయన ఇంగ్లీషు ఎప్పుడో వందల ఏళ్ల కిందట ఆగిపోయింది. రైలు టిక్కెట్టు అడగడానికి పనికిరాదు, దేవుడితో మాట్లాడటానికి పనికొస్తుంది. బోర్డు మీద ఎడమ మూల రోజుకొక పాత మాట రాసేవాడు. ఒక రోజు 'హార్కెన్' అని రాశాడు.

ఆ పాఠం నాకు నిన్న విన్నట్టుంది. వినడానికి ఇంగ్లీషులో హియర్ ఉంది, లిజన్ ఉంది, మరి ఈ మూడోది దేనికి అని తనే అడిగి తనే జవాబు చెప్పాడు. "హియర్ చెవులతోని. లిజన్ మనసుతోని. హార్కెన్ కాళ్లతోని బిడ్డలూ. ఇన్నోడు లేసి కదలాలె. కదలకుంటె ఇన్నట్టు గాదు." మన తెలుగు పద్యాల్లో ఆలకించు అంటామే, అది దీనికి అక్కచెల్లెలు అన్నాడు. ఆలకించమని అడిగేవాడు శబ్దం వినమని అడగడు, మొర విని ఏదో ఒకటి చెయ్యమని అడుగుతాడు. పాత ఇంగ్లీషు కావ్యాల్లో ఈ క్రియ తరచు వాక్యం మొదట్లోనే పిలుపుగా నిలబడుతుందని, ప్రవక్త రాజును పిలవడానికీ, తల్లి కొడుకును హెచ్చరించడానికీ, దిక్కులేనివాడు దేవుణ్ణి వేడుకోవడానికీ దీన్నే వాడతారని చెప్పాడు. కవులు గాలినీ కొండల్నీ కూడా ఈ మాటతోనే పిలుస్తారట. దీని పొట్టి రూపం హార్క్ ఉంది, అది గంట మోగినా కుక్క మొరిగినా చెవి ఒగ్గమనడం, అంతే. పొడుగు దానికే బాధ్యత ఉంది. మన దగ్గర చెవిన పడటం వేరు, చెవికెక్కడం వేరు కదా, చెవికెక్కడం దాకా వచ్చిన వినడమే హార్కెన్ అన్నాడు. దీనికి సరిగ్గా ఎదురు మాట ఏమిటని అడిగితే నేను లేచి, "పెడచెవిన పెట్టుడు సార్," అన్నాను. ఆయన మురిసిపోయి క్లాసంతా నాకు చప్పట్లు కొట్టించాడు. ఇంటికి వెళ్లి అవ్వకు, బాపుకు అదంతా అప్పజెప్పాను. బాపు బెల్లం చప్పరిస్తూ, "బాగున్నది మాట. దేవునికి గూడ చెవికెక్కుతదన్నట్టు," అన్నాడు.

ఆ వానాకాలంలోనే బాపు పనిచేసే గ్యాలరీలో, అంటే బొగ్గు తవ్వే సొరంగంలో, పైనుంచి నీళ్లు కారడం మొదలైంది. నిలబెట్టిన కర్రలు బరువుకు విల్లులా వంగుతున్నాయి. ఎక్కడ కొట్టినా డబ్‌డబ్‌మనే శబ్దం. బాపు, తోటివాళ్లు పైవాళ్లకు చెప్పారు. పైవాళ్లు ఇంకా పైవాళ్లకు చెప్పామన్నారు. "చూస్తం" అన్న మాట తప్ప కిందికి ఏదీ దిగలేదు. ఆ గ్యాలరీలో బొగ్గు మంచిది, సులువుగా వస్తున్నది. ఇంట్లో బాపు అన్నం ముందు కూర్చుని ముద్ద కలుపుతూ కలుపుతూ ఆగిపోయేవాడు. "రూఫు మాట్లాడుతున్నదే. కర్రలు కిర్రుకిర్రుమంటున్నయి," అనేవాడు. పనికి పోకపోతే నాగా పడుతుంది, వరసగా నాగాలు పడితే ఉద్యోగం మీదికి వస్తుంది. "ఓ రెండొద్దులు జరమని పండుకో," అని అవ్వ బతిమాలింది. "నేను పండుకుంటె నా జాగల ఇంకొకడు పోతడు. వాని పిల్లలు పిల్లలు గాదా?" అన్నాడు.

అప్పుడు ఆయనకు వచ్చిన ఆలోచన మా మనుషులకే రాగలిగిన ఆలోచన. నోటి మాట గాలికి పోతుంది, తెలుగు కాగితం గుమాస్తా బల్ల దాటదు, ఇంగ్లీషు కాగితమైతే మేనేజరు దొర చేతికి పోతుంది, అదీ పెద్ద ఇంగ్లీషైతే దొర కుర్చీలోంచి లేస్తాడు. మాట ఎంత బరువుగా ఉంటే అంత లోతుకు దిగుతుందని మా వాడంతా నమ్మేది. ఆదివారం మధ్యాహ్నం జ్ఞానయ్య సారును మా ఇంటికి పిలిచారు. ముందు గదిలో చాప పరిచారు. కార్మికులు గోడ వెంబడి కూర్చున్నారు, ఒక్కొక్కరి దగ్గర సబ్బు వాసన, ఆ సబ్బుకు లొంగని బొగ్గు వాసన. అవ్వ గంజులో చాయ మరగబెట్టింది. "సారు, చిన్నచిన్న మాటలద్దు. మీకచ్చిన ఇంగ్లీషుల అన్నిటికన్న పెద్దది రాయుండ్రి," అన్నాడు బాపు. ఇంకా, నా తల నిమిరి, "గదే, మా సరోజ చెప్పింది సూడు, ఇని లేసి కదిలే మాట, గది తప్పకుండ పెట్టుండ్రి," అన్నాడు.

జ్ఞానయ్య సారు కళ్లు మూసుకుని కాసేపు ప్రార్థన చేసుకుని రాశాడు. ఓ అయ్యా, నీ శ్రామికుల మొరను హార్కెన్ చేయుమని మొదలుపెట్టాడు. భూగర్భంలో ఏ గ్యాలరీలో, ఎక్కడెక్కడ నీరు కారుతున్నదో, ఎక్కడ కర్రలు వంగాయో, ఎక్కడ కొడితే ఏ శబ్దం వస్తున్నదో బాపు చెబుతుంటే అదంతా తన గంభీరమైన ఇంగ్లీషులోకి మార్చాడు. మధ్యలోనూ, చివరా మళ్లీ ఆ క్రియ వచ్చింది. రాసింది పైకి చదివి వినిపించాడు. ఒక్కరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు, అందరి ముఖాలూ వెలిగిపోయాయి. సంతకాలు చేసేవారు చేశారు, మిగతావారు వేలిముద్రలు వేశారు. ఆ చాప మీద కూర్చున్నవాళ్లంతా ఆ రోజు ఎంత ధైర్యంగా చాయ తాగారో చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు.

మర్నాడు బాపు మరో ఇద్దరితో కలిసి కాగితం పట్టుకుని మేనేజరు ఆఫీసుకు పోయాడు. లోపలికి రానివ్వలేదు, కాగితం లోపలికి పోయింది. తలుపు పక్కన నిలబడి విన్నారు. కాసేపటికి లోపలినుంచి నవ్వు వినిపించింది. ఒకరిది కాదు, ఇద్దరు ముగ్గురిది. ఎవరో గట్టిగా చదువుతున్నారు, ఎవరో బల్ల చరిచి నవ్వుతున్నారు. బాపు ఇంటికి వచ్చేటప్పుడు దారిలో అరకిలో జిలేబి కొన్నాడు. గడపలోంచే, "నవ్విండే! దొర సదివి నవ్విండు! మనసు కరిగింది. పని అయితది," అన్నాడు. కోపం వస్తే తిట్టేవాడు, అక్కర్లేకపోతే ఊరుకునేవాడు, నవ్వాడంటే సంతోషించాడనే కదా! మా వాళ్లకు నవ్వులో అన్ని రకాలు తెలియవు. ఆ పూట మేమంతా జిలేబి తిన్నాం. అప్పటి నుంచి నేను జిలేబి ముట్టలేదు.

ఆ వారం దాటకముందే సైరన్ కూయకూడని వేళలో కూసింది. షిఫ్టు మారే కూత ఎప్పుడు వస్తుందో మా కోళ్లకు కూడా తెలుసు. ఈ కూత వినగానే వాడలో ఆడవాళ్లు చేతిలో ఉన్నది ఉన్నట్టు వదిలేసి పరుగెత్తారు. అవ్వ చేతికి తడి పిండి, అలాగే పోయింది. బాయి దగ్గర దీపాల గది ఉంటుంది. దిగేవాళ్లు తలదీపం తీసుకుపోతారు, ఎక్కినవాళ్లు తెచ్చి తమ నంబరు మేకుకు తగిలిస్తారు. పైకి వచ్చినవాళ్లు ఒక్కొక్కరే తగిలిస్తుంటే ఆడవాళ్లు మేకుల వంక చూస్తూ నిలబడ్డారు. బాపు మేకు ఖాళీగానే ఉండిపోయింది. ఆయనతోపాటు మా చాప మీద కూర్చున్న మరికొందరివి కూడా. కూలిన కప్పు కిందనుంచి బయటికి తీసుకొచ్చాక బాపు ముఖం చూడనివ్వలేదు, చేతులు మాత్రం చూశాను. కుడిచేతిలో ఆ చేతికర్ర ముక్క ఉందని, వేళ్లు విప్పడానికి కష్టమైందని తర్వాత ఎవరో అవ్వకు చెప్పారు. ఎందుకు చెబుతారో మనుషులు అలాంటివి.

దినాలు కాకముందే ఆఫీసులో సంగతి బయటికి పొక్కింది. ఆ దరఖాస్తులోని క్రియ అక్కడ పెద్ద వేడుకైపోయిందట. ఆఫీసర్ల క్లబ్బులో చాయ తెచ్చే మనిషిని 'హార్కెన్!' అని పిలుస్తున్నారట. ఒక రోజు జ్ఞానయ్య సారు మా గడప దగ్గరికి వచ్చి, లోపలికి రాకుండా బయటే కూలబడ్డాడు. "నా ఇంగ్లీషు సంపింది అక్కా. చిన్న మాటలతోని రాస్తె ఇంటుండె. నా గొప్పకు వోయి నవ్వులపాలు జేసిన," అని తల నేలకు కొట్టుకున్నాడు. అవ్వ ఏడుపు ఆపి ఆయనను లేవదీసింది. "గా మాట అడిగి రాపిచ్చుకున్నది నా పెనిమిటే. మీరేం జేస్తరు సారు," అంది. ఆయన వినలేదు. ఆ తర్వాత బోర్డు ఎడమ మూల ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. పాఠంలో ఎక్కడైనా ఆ క్రియ వస్తే ఆ వాక్యం వదిలేసి కింది వాక్యానికి పోయేవాడు. అవ్వకు కంపెనీ దవాఖానలో ఆయా పని ఇచ్చారు. నన్ను కాలేజీ దాకా చదివించే బాధ్యత మాత్రం జ్ఞానయ్య సారు తన మీద వేసుకున్నాడు. అప్పు తీర్చుకునేవాడిలా చదివించాడు.

పై చదువుల్లో నాకు ఒక సంగతి తెలిసింది. జ్ఞానయ్య సారు పుస్తకాలు ఆగిపోయిన తర్వాత కూడా ఆ క్రియ బతుకు సాగింది, కానీ దిగజారి సాగింది. వాడుకలోంచి పోయాక రచయితలు దాన్ని డాంబికాలు పలికే పాత్రల నోట్లో పెట్టి నవ్వించారు. ఒకప్పుడు రాజుల్ని నిలబెట్టిన మాట, చివరికి విదూషకుల పాలైంది. నిఘంటువులు దాని పక్కన 'ప్రాచీనం' అని ముద్ర వేసి ఊరుకున్నాయి. మేనేజరు చదివింది ఈ తర్వాతి పుస్తకాలు. ఆయన ఎందుకు నవ్వాడో నాకు లైబ్రరీలో కూర్చుని ఉండగా అర్థమైంది. అర్థమై ఏం లాభం? సారు అన్నది నిజమేనేమోనని, మాట తప్పుగా ఎంచుకోవడం వల్లే బాపు పోయాడేమోనని నేను కూడా చాలాకాలం నమ్మాను. నా విద్యార్థులకు చిన్న వాక్యాలు రాయమని, తేలిక మాటలు వాడమని పోరిపోరి చెప్పింది అందుకే.

ఆ నమ్మకం పోయిన ఏడాది కూలిపోయింది. పింఛనుదారుల వైద్యానికి దవాఖానకు వెళ్లి వరుసలో కూర్చుంటే పక్కన ఒక ముసలాయన నా ఇంటిపేరు విని తల తిప్పి చూశాడు. ఖాదర్ సాబ్. ఆ రోజుల్లో మేనేజరు ఆఫీసులో టైపిస్టు. బాపు పేరు చెప్పగానే ఆయన చేతిలో ఉన్న మందుల సంచి ఒళ్లో పెట్టుకుని నా వైపు జరిగాడు. నేనే జ్ఞానయ్య సారు సంగతి ఎత్తాను, ఆ మాట వాళ్లకు నవ్వులాటై అసలు సంగతి మరుగునపడిందని ఇప్పటికీ కుమిలిపోతున్నాడని చెప్పాను.

"నై బేటీ," అన్నాడు ఖాదర్ సాబ్. "నవ్విండు, ఝూట్ ఎందుకు చెప్పాలె. కాని అందరు వోయినంక దొర మల్ల మొత్తం సదివిండు. నేను గాడనే ఉన్న. బాయి నక్ష తెప్పిచ్చి గా జాగా మీద పెన్సిల్‌తోని గీత గూడ కొట్టిండు. 'ఖాదర్, వాళ్లు చెప్పింది సహీ ఉన్నట్టున్నది, ఈ నెల టార్గెట్ అయినంక చూద్దాం, కాయిదం పక్కకు పెట్టు' అన్నడు. నేను పెట్టిన. అండ్ల సమజ్ గాని మాట ఒక్కటి లేకుండె బేటీ. నాకే సమజైంది, ఆయనకు గాదా?"

నేను మరునాడే బస్సెక్కాను. జ్ఞానయ్య సారు నస్పూర్‌లో కూతురి దగ్గర ఉంటున్నాడు. గోదావరి వంతెన దాటుతుంటే వెనక రామగుండం పొగగొట్టాలు, కింద ఇసుక. దారంతా నాలో ఒక తొందర. జీవితమంతా మోసిన బరువును ఆ ముసలాయన భుజాల మీంచి దింపేస్తాననుకున్నాను. ఆయన మంచంలో దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు, మనిషి ఎండిపోయాడు, చొక్కాకు మాత్రం సిరా మరక అలాగే ఉంది. దగ్గర కూర్చుని, చెయ్యి పట్టుకుని, ఖాదర్ సాబ్ చెప్పింది చెప్పినట్టు చెప్పాను. "మీ తప్పు ఏం లేదు సార్. వాళ్లకు మొత్తం అర్థమైంది. అర్థమయ్యే పక్కకు పెట్టిన్రు," అన్నాను.

ఆయన ముఖం తేటపడుతుందని చూశాను. పడలేదు. ఇన్నేళ్లూ ఆయన తనను తాను తిట్టుకుంటూ ఒక ఆశను దాచుకున్నాడని నాకప్పుడు తట్టింది. సరైన మాట రాసి ఉంటే విని ఉండేవారన్న ఆశ అది. నేను వెళ్లి తీసేసింది ఆ ఆశనే. పెదవులు కదిపి కదిపి చివరికి, "అయితె మరి ఏ మాట రాస్తె ఇందురు బిడ్డా?" అని అడిగాడు. ఇంగ్లీషులో ఎమ్మే చేసినదాన్ని, ఆయన దుప్పటి సర్దాను. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ చలికాలంలోనే పోయాడు. సమాధి దగ్గర వాళ్ల ఫాదర్ పాత ఇంగ్లీషు ప్రార్థన చదువుతుంటే ఆ క్రియ వచ్చింది. అక్కడ ఎవరూ తలెత్తలేదు.

అప్పటికీ ఇప్పటికీ ఏం మారిందని ఈ వయసులో కూర్చుని కొలుస్తుంటాను. బొగ్గుల పొయ్యిలు పోయాయి, గ్యాసు వచ్చింది. బాయిలు ఒక్కొక్కటే మూతపడి గొయ్యిలు వచ్చాయి. మనుషులు నేల కిందికి దిగడం తగ్గింది, ఇప్పుడు నేలే మనుషుల ఇళ్ల కింద కదులుతున్నది. గుసగుసలాడే వాడలు లేవు, ఇంటింటా టీవీ మోత. ఆఫీసులో దొర అనేవాళ్లు లేరు, సార్ అంటున్నారు. లోపలికి రానిస్తారు, ఏసీ గదిలో కుర్చీ వేస్తారు, కాగితం మీద ముద్ర కొట్టి నంబరు ఇస్తారు. అప్పుడు తలుపు బయట నిలబెట్టి వినలేదు, ఇప్పుడు కూర్చోబెట్టి వినడం లేదు. ఇంతే తేడా నాకు కనిపించింది.

మర్నాడు పొద్దున్నే రాజేశ్వరికి దరఖాస్తు రాసిచ్చాను. పెద్ద ఇంగ్లీషు కాదు. పదేళ్ల పిల్లకు కూడా అర్థమయ్యే ఇంగ్లీషు ఒక పక్క, అంతే తేలిక తెలుగు ఇంకో పక్క. గోడ పగిలింది, దాని పక్కన లేవలేని మనిషి ఉంది, వచ్చి చూడండి. అంతే. జ్ఞానయ్య సారు ప్రశ్నకు నాకు చేతనైన జవాబు అది. రాజేశ్వరి కాగితం అటూ ఇటూ తిప్పి, ఇంత చిన్నగా ఉందేమిటన్నట్టు చూసింది గానీ పెద్దదాన్నని మొహమాటపడి తీసుకుపోయింది.

నిన్న సాయంత్రం మళ్లీ వచ్చింది. ఈసారి గడప దగ్గర ఆగలేదు, చెప్పులు విడిచి నేరుగా లోపలికి వచ్చింది. ముఖం వెలిగిపోతున్నది.

"మేడం, మీ కాయిదం మంచిగ పనిచేసింది. సారు నా ముంగటనే మొత్తం సదివిండు. సదివి నవ్విండు మేడం! మంచిగ రాసిన్రు అన్నడు. కూసోమన్నడు, చాయ గూడ తాపిచ్చిండు. చూస్తం అన్నడు. ఇగ పని అయితది!"

నా చేతిలో ఒక పొట్లం పెట్టింది. విప్పకుండానే వాసన తెలిసింది, జిలేబి. నేను దాన్ని బల్ల మీద పెట్టి, చెప్పులు వేసుకుని, ఆమె ముందు నడుస్తూ వాళ్లింటికి పోయాను. వెనక గదిలో ముసలామె కిటికీ వైపు కళ్లు తిప్పి పడుకుని ఉంది. పగులుకు కాస్త పక్కగా గోడను వేళ్ల కణుపులతో కొట్టి విన్నాను. మళ్లీ కొట్టాను, మళ్లీ డబ్‌డబ్‌మనే అంది.

"ఏంది మేడం?" అంది రాజేశ్వరి, ఇంకా నవ్వుతూనే.

"మిషను బయటికి జరుపు," అన్నాను. "ఒక పక్క నువ్వు పట్టు, ఒక పక్క నేను పట్టుకుంట. మీ అత్త మంచం ముందటి గదిలకు తేవాలె. ఇప్పుడే."